తెల్లగుండు

మొదట అందరం జీడే అనుకున్నాం.
కాశీబుగ్గలో దురదంటే ఇంకేం అనుకుంటాం?
ముప్పై ఏళ్ళు బట్టీలో కాయ కొట్టిన చేతులు,
ఆముదం రాసి, బూడిద అద్దినా
వేలిసందుల్లోకి పాకే ఆ నూనె.
దాలమ్మొదిన రాత్రంతా వీపు గోడకేసి రాస్తుంటే
సున్నం రాలిన చప్పుడు.
"జీడి పొంగిందే హేమా, కొబ్బరినూనె తే."
తెచ్చాను.
తెల్లారాక గుర్తొచ్చింది,
ఆవిడ బట్టీ మానేసి ఎనిమిది నెలలని.

మడమ మీద మచ్చ కూడా అలాగే మోసం చేసింది.
జీడి మరకన్నాం,
తుమ్మముల్లు విరిగి ఉంటుందన్నాం,
పిన్నీసుతో గెలికాం కూడా.
ఆ పిన్నీసు ఇంకా నా గాజులకే ఉంది. పారెయ్యలేదు, ఎందుకో.
అప్పటికే అది గజ్జల దాకా వెళ్ళిపోయింది.

ఇప్పుడు మూడు వారాలకోసారి విశాఖ.
చీకటితో పాసింజరు, సంచిలో పెరుగన్నం, ఫైలు.
పరిశోధన కింద పేరు రాసుకున్నారు కాబట్టి సరిపోయింది;
లేకపోతే ఇల్లమ్మినా చాలదు.
"నీళ్ళలాగే ఉందే, దీనికా అంత రేటు!"
డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిగ్గా చెప్పింది.
మందు గడ్డని కొట్టదట,
ఒంట్లో నిద్రపోతున్న కావలిని లేపుతుందట.
వదిన నా వైపు చూసింది.
మాకు తెలియని కావలా?
సాయంత్రం గేటు దగ్గర
కుచ్చెళ్ళు దులిపించి, కొప్పు తడిమించి,
పప్పు దాచినదాన్నీ దాచనిదాన్నీ
ఒకేలా చూసే కళ్ళు.
"అయితే ఆడు నా తోలునే తనికీ సేత్తన్నాడన్నమాట."
డాక్టరమ్మ నవ్వాపుకుని పూతమందు రాసింది.
గోకొద్దంది, ఎండలో తిరగొద్దంది,
బొబ్బలెక్కినా నోరు పూసినా ఆ రోజే ఫోన్ చెయ్యమంది.

దద్దుర్లు తగ్గాయి.
తెలుపు మొదలైంది.

ముందు కనురెప్పల వెంట్రుకలు,
తర్వాత మెడ, తర్వాత వేళ్ళు.
నిమ్మచెక్కకీ చింతపండుకీ బట్టలసోడాకీ
లొంగని నలుపు
ఎవరూ రుద్దకుండానే దిగిపోయింది.
మోచేతి మీద పచ్చబొట్టు మాత్రం దిగలేదు.
పోయిన మొగుడి పేరు
మునుపటికన్నా పచ్చగా.

బొల్లి అన్నారు.
టీకొట్టులో గాజుగ్లాసు పోయి కాగితం కప్పు వచ్చింది.
పొట్టు తీసే పనైనా ఇమ్మంటే
మేస్త్రీ పక్కకి చూస్తూ, "తినే సరుకు కదా" అన్నాడు.
ఆ చేతుల మీంచి ఎన్ని బస్తాల సరుకు వెళ్ళిందో
లెక్క చెప్పబోయాను.
వదిన నా చెయ్యి నొక్కి ఆపింది.

ఆస్పత్రిలో చాలాసేపు కొంగులోంచి వేళ్ళు తియ్యలేదు.
తీశాక ఆ పిల్ల మొహంలో భయం లేదు.
"మందు పని చేస్తుంటే కొందరికిలా వస్తుందమ్మా.
మంచి గుర్తే కావచ్చు. ఒట్టు మాత్రం వెయ్యలేను."
స్కానులో గడ్డ
గుండంత ఉన్నది బద్దంత అయింది.
ఆ కొలత డాక్టరమ్మది కాదు, మాది.

తిరుగు రైలు నౌపడ దగ్గర నెమ్మదించింది.
వెన్నెల్లో ఉప్పుకుప్పలు.
వదిన చెయ్యి కిటికీ దగ్గర పెట్టి చూసుకుంది.
"ఏమే, మన బట్టీలో తెల్లగుండుకేనా ఎక్కువ రేటు?"
"అవును."
"మాడినదానికి?"
"సగం."
"ఇన్నాళ్ళకి ఫస్టు రకం అయ్యాను గదే నాను!
మేస్త్రీకే సరుకు తెలీలేదు."
నవ్వింది. తర్వాత ఏడ్చింది.
ముందు ఏడ్చిందేమో, సరిగ్గా గుర్తు లేదు.

రాత్రిళ్ళు ఆ వీపుకి మందు రాసేది నేనే.
నా వేళ్ళు ఇంకా బట్టీవే.
ఆ తెలుపుకి నా నలుపు అంటుతుందేమోనని
ఒక్కోసారి ఆగుతాను.
"రాయే, అంటదులే" అంటుంది.

ఒకటో తారీకున పింఛను మిషను మీద
వదిన బొటనవేలు పెట్టింది.
వేలిగీతలు జీడి తినేసిందని
ఇన్నేళ్ళూ కనుపాప చూపించి తీసుకున్న డబ్బు.
ఈసారి చీటీ బయటికొచ్చింది.
కుర్రాడు నోట్లు లెక్కపెడుతున్నాడు.
వదిన వేలు తియ్యలేదు.
"ఇంకోపాలి నొక్కనా, బావూ?"